ఫిరోజ్ అనే పేరు ఎవరిది?

గడచిన గురువారం సాయంకాలం ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల వైపు నడిచాను. దేశరాజధానిలో సగం పత్రికల కార్యాలయాలు వరుసగా నిలిచిన బహదూర్‌షా జఫర్ మార్గానికి అది పెరటి గోడ వంటిది. పార్లమెంటు సమావేశాలు లేని రోజుల్లో విలేఖరులకు అక్కడికి పోయి కూర్చునే అలవాటు అబ్బుతుంది. ఆనాడు నా వెంట అనంతపురం జిల్లా యువకుడొకడు ఉన్నాడు. సివిల్ సర్వీసు పరీక్షలకు శిక్షణ పొందడానికి వచ్చి, పాత రాజేంద్రనగరులో ఇరుకు గది ఒకటి అద్దెకు తీసుకున్నవాడు. చదువరి, వినయశీలి. తెలిసినవారి ఉత్తరం పట్టుకొని నన్ను చూడవచ్చాడు.

కోట ద్వారం దగ్గర టిక్కెట్టు కొంటూ ఉండగా అతను జేబులోని ఫోను తీసి ఒక సందేశం చూపించాడు. ఇందిరాగాంధీ భర్త అసలు పేరు ఫిరోజ్ గాంధీ కాదనీ, ఫిరోజ్ ఖాన్ అనీ, ఈ రహస్యాన్ని దేశం నుండి దాచారనీ దాని సారాంశం. సంవత్సరాలుగా చేతులు మారుతూ వస్తున్న సరుకే అది. నాకు కొత్త కాదు.

"ఇది నిజమేనా సార్?" అని అడిగాడు.

"నీకు నిజమని ఎందుకు తోచింది?" అన్నాను.

"ఫిరోజ్ అంటే ముస్లిం పేరే కదా సార్! ఈ కోట కట్టినవాడి పేరూ అదే కదా!"

అతని తర్కంలో నాకు కపటం కనబడలేదు. పేరు వినగానే మతం తెలిసిపోతుందనీ, మతం తెలియగానే మనిషి తెలిసిపోతాడనీ నమ్మించే గాలిలో పెరిగిన తరం అది. ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. కానీ ఆ పేరుకు పదిహేను వందల సంవత్సరాలకు మించిన చరిత్ర ఉన్నది. సూర్యాస్తమయానికి ఇంకా గంట వ్యవధి ఉన్నది. కూర్చోబెట్టి చెప్పాను. చెప్పినదీ, చెప్పడం మరచినదీ కలిపి పాఠకులకు నివేదిస్తున్నాను.

ఈ పేరు ఇస్లాము కంటె పాతది. ఇరాను దేశపు ప్రాచీనమైన పహ్లవీ భాషలో దాని రూపం పేరోజ్. విజయుడు, జయశీలి అని అర్థం. మనం విజయుడనీ జయరాముడనీ పెట్టుకున్నట్టు వారు ఆ పేరు పెట్టుకున్నారు. అరబ్బీలో పకారం లేదు. అరబ్బుల పాలన వచ్చిన మీదట పేరోజ్ కాస్తా ఫిరోజ్ అయింది. మన పల్లెల్లో ఫకారం నోరు తిరగక "పిరోజు" అని పిలిచే ముసలమ్మలు, తమకు తెలియకుండానే, మూలరూపానికి దగ్గరగా పలుకుతున్నారు! నీలం, ఆకుపచ్చ కలిసిన ఒక రత్నానికి కూడా పారశీకులు ఇదే మాట నుండి ఫిరూజా అని పేరు పెట్టారు. నిశాపురం గనుల్లో దొరికే ఆ రాయి ధరించినవారికి విజయం కలుగుతుందని వారి నమ్మకం. హిందీ, ఉర్దూ మాట్లాడేవారు నేటికీ ఆ వన్నెను ఫిరోజీ రంగు అంటారు.

ఆ పేరు ధరించిన తొలి ప్రసిద్ధుడు సాసానీ వంశపు చక్రవర్తి. 459 నుండి 484 వరకు ఇరానును ఏలిన జొరాస్ట్రియన్ మతస్థుడు. అతను పోయిన తర్వాత దాదాపు శతాబ్దానికి గాని మహమ్మదు ప్రవక్త జన్మించలేదు. ఈ విజయుడి కథ విచిత్రమైనది. మన గుప్తసామ్రాజ్యాన్ని కుదిపిన శ్వేతహూణులతో అతను పోరాడాడు. ఓడి బందీ అయ్యాడు. విడుదల సొమ్ముకు హామీగా కన్నకొడుకును తాకట్టు పెట్టాడు. అప్పటికీ బుద్ధి రాక మళ్ళీ దండెత్తి, శత్రువులు తవ్వి కప్పిపెట్టిన కందకంలో సైన్యంతో సహా కూలి మరణించాడని నాటి చరిత్రకారులు రాశారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మనవారు ఊరికే అనలేదు. అయితే ఇరానీయులు అతనిని ఇంకొక పనికి కూడా తలచుకుంటారు. ఏడేళ్ళపాటు ఘోర క్షామం వచ్చినప్పుడు పన్నులు రద్దుచేసి, ధాన్యపు కొట్లు తెరిపించాడట.

అటుపిమ్మట ఈ పేరు పొందిన రాజులను వరసగా చూస్తే, జాతకాల మీద నమ్మకం లేనివాడికి కూడా సందేహం కలుగుతుంది. అరబ్బుల చేతిలో రాజ్యం పోయిన చివరి సాసానీ చక్రవర్తి యజ్దగిర్దు కుమారుడి పేరు పేరోజే. అతను పారిపోయి చైనా తాంగ్ చక్రవర్తుల కొలువులో పరాయి దేశపు సేనానిగా జీవితం వెళ్ళబుచ్చాడు. ఢిల్లీలో ఇల్తుత్‌మిష్ కుమారుడు రుక్నుద్దీన్ ఫిరోజ్ 1236లో సింహాసనం ఎక్కి, ఏడు నెలలైనా నిండకుండానే సోదరి రజియాకు దానిని వదులుకున్నాడు. 1290లో గద్దెనెక్కిన జలాలుద్దీన్ ఫిరోజ్ ఖల్జీ మెత్తని మనసు గల వృద్ధుడు. 1296లో గంగ ఒడ్డున అల్లుడూ సోదరుడి కొడుకూ అయిన అలాఉద్దీన్‌ను ఆలింగనం చేసుకోబోయి హతుడయ్యాడు.

దక్షిణాది వైపు చూడండి. 1397లో గుల్బర్గాలో బహమనీ సింహాసనం ఎక్కిన ఫిరోజ్‌షా బహుభాషా పండితుడు, ఖగోళశాస్త్ర ప్రియుడు. భీమానది ఒడ్డున తన పేర ఫిరోజాబాదు నగరం కట్టించాడు. విజయనగరం మీద మొదటి యుద్ధాల్లో గెలిచి, దేవరాయల కుమార్తెను వివాహమాడాడని ఫెరిష్తా రాశాడు. ఆ వైభవమంతా చివరకు మన తెలుగు గడ్డ మీద పానగల్లు కోట ముందు అణగిపోయింది. సంవత్సరాల తరబడి ముట్టడి సాగించి, సైన్యంలో వ్యాధులు ప్రబలి, విజయనగర సేనల చేతిలో చావుదెబ్బ తిని వెనుదిరిగాడు. 1422లో తమ్ముడు అహమ్మదుకు రాజ్యం అప్పగించి కన్నుమూశాడు.

అసలు ఆశ్చర్యం కలిగించే ఫిరోజ్ వేరొకడు. ఇస్లాము రెండవ ఖలీఫా ఉమర్‌ను 644లో మదీనా మసీదులో పొడిచి చంపిన పారశీక బానిస పేరు కూడా ఫిరోజే. నేటి లెక్క ప్రకారం చూస్తే, ముస్లిములు ఆ పేరును ఏనాడో వెలివేసి ఉండాలి. వేయలేదు. తమ బిడ్డలకు పెట్టుకున్నారు, సుల్తానులకు పెట్టుకున్నారు. మాటకు ఉన్న మంచి అర్థాన్ని ఒక హంతకుడికి ధారపోయడానికి వారు ఒప్పుకోలేదు.

ఈ మాటలు ముగిసేసరికి మేము కోట్లాలోని మెట్ల కట్టడం మీద నిలిచిన రాతిస్తంభం ఎదుటికి చేరుకున్నాము. ఢిల్లీలో నేను మాటిమాటికి చూడగోరే వస్తువు ఇదొక్కటే. ఫిరోజ్‌షా తుగ్లక్ 1351 నుండి 1388 వరకు ఢిల్లీ నేలాడు. 1354లో ఈ కోటకు, దాని చుట్టూ వెలసిన ఫిరోజాబాదు నగరానికి పునాది వేయించాడు. యుద్ధాల్లో అతనికి దక్కిన కీర్తి స్వల్పం. బెంగాలు మీదికి రెండుసార్లు వెళ్ళి ఉత్తచేతులతో వచ్చాడు. సింధు దేశంలో ఠట్టా మీదికి పోయి, దారి తప్పి కచ్ఛపు ఉప్పుటెడారిలో నెలల తరబడి సైన్యంతో అల్లాడాడు. అయితే శివాలిక్ కొండల దిగువన తోప్రా గ్రామంలో ఈ స్తంభాన్ని చూసినప్పుడు మాత్రం అతనిలోని అసలు మనిషి మేల్కొన్నాడు. దానిని ఢిల్లీకి తరలించిన తీరును, అప్పటికి 12 ఏళ్ళ బాలుడైన షమ్స్ సిరాజ్ అఫీఫ్ పెద్దయ్యాక తన చరిత్రలో రాశాడు. స్తంభం మొదలు చుట్టూ బూరుగుదూది పరిచి దాని మీదికి మెల్లగా వాల్చారు. రెల్లుతోను, పచ్చి తోళ్ళతోను చుట్టారు. 42 చక్రాల బండి మీదికి ఎక్కించి, ఒక్కొక్క చక్రానికి కట్టిన మోకును 200 మంది చొప్పున లాగారు. యమునకు చేర్చి పడవల మీద ఢిల్లీకి తెచ్చారు.

నిలబెట్టిన తరువాత సుల్తాను దాని మీది అక్షరాలు చదవడానికి బ్రాహ్మణ పండితులను పిలిపించాడు. ఎవరికీ చేతకాలేదు. కొందరు మాత్రం, సుల్తాన్ ఫిరోజ్ అనే మహారాజు పుట్టేదాకా ఈ స్తంభాన్ని ఎవరూ కదిలించలేరని దాని మీద రాసి ఉన్నదని విన్నవించారట! రాజధానిలో పాలకుల సమక్షంలో శాసనాలు చదివే పద్ధతి నాటికీ నేటికీ పెద్దగా మారలేదని నా అనుభవం. నిజంగా అక్కడ ఏమి రాసి ఉన్నదో 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపి రహస్యం విప్పినప్పుడు లోకానికి తెలిసింది. అవి అశోకుడి ధర్మశాసనాలు. బాటల వెంట మర్రిచెట్లు నాటించాననీ, బావులు తవ్వించాననీ అశోకుడు చెప్పుకున్న ఏడవ స్తంభశాసనం ఈ ఒక్క రాతి మీదనే దొరికింది. దాని కింద చౌహాను వంశపు విగ్రహరాజు 12వ శతాబ్దంలో చెక్కించిన విజయప్రశస్తి కూడా ఉన్నది. బౌద్ధుడి రాయి మీద రాజపుత్రుడి రాత. ఆ రెంటినీ చదవలేని తురుష్కుడు వాటిని నెత్తిన పెట్టుకొని కాపాడాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫిరోజ్‌షాను సర్వమత సమానత్వానికి ప్రతీకగా నిలబెట్టే పని నేను చేయను. లౌకికవాదం పేరిట కొందరు మిత్రులు ఆ పని చేసి అభాసుపాలయ్యారు. అంతకుముందు మినహాయింపు పొందుతూ వచ్చిన బ్రాహ్మణుల మీద ఇతడు జిజియా విధించాడు. జాజ్‌నగరం మీద దండెత్తి పూరీ క్షేత్రాన్ని అపవిత్రం చేశాడు. తన పాలనలో కొత్తగా కట్టిన గుడులు కూల్పించానని స్వయంగా రాయించుకున్నాడు. ముస్లిముల్లోనే భిన్నశాఖల వారిని వేధించాడు. అదే గ్రంథంలో, కాళ్ళూ చేతులూ నరికే శిక్షలను మాన్పించాననీ, తన పూర్వులు కట్టిన కట్టడాలను, పిడుగుపడి దెబ్బతిన్న కుతుబ్‌మీనారుతో సహా బాగుచేయించాననీ కూడా చెప్పుకున్నాడు. నగర్‌కోట గ్రంథాలయంలో దొరికిన సంస్కృత గ్రంథాలను పారశీకంలోకి అనువదింపజేశాడు. అతని తల్లి దీపాల్‌పూర్ భట్టి రాజపుత్రుల ఆడపడుచు. యమున నుండి హిస్సారు దాకా అతను తవ్వించిన కాలువ పూడిపోతే అక్బరు, షాజహాను, ఆ తర్వాత ఆంగ్లేయులు మళ్ళీ మళ్ళీ తవ్వించారు. నేటి పశ్చిమ యమునా కాలువకు అదే మూలం. హర్యానా రైతు పొలానికి పారే నీటికి మతం అంటగట్టినవాడు ఇంతవరకు లేడు. ఈ మనిషిని ఒక్క పేటికలో పెట్టి మూత వేయడం సాధ్యం కాదు. వేయాలనుకునేవారు అతని మంచినో చెడునో ముందు పాతిపెట్టవలసి ఉంటుంది.

ఈ శిథిలాల్లోనే 1928 సెప్టెంబరు 8, 9 తేదీల్లో వివిధ రాష్ట్రాల విప్లవకారులు రహస్యంగా సమావేశమయ్యారు. భగత్‌సింగు పట్టుబట్టి తమ సంస్థ పేరులో సోషలిస్టు అనే మాట చేర్పించాడు. అలా హిందుస్థాన్ సోషలిస్టు రిపబ్లికన్ అసోసియేషన్ పుట్టింది. తుగ్లక్ కోటలో పేరు మార్చుకున్న ఆ సంస్థ నాయకుణ్ణి, రాజగురు, సుఖదేవులను 1931లో ఉరితీసి, శవాలను ఆంగ్ల ప్రభుత్వం రాత్రికి రాత్రి సట్లెజి ఒడ్డున దహనం చేసింది. ఆ హుస్సేనీవాలా ఉన్నది ఫిరోజ్‌పూర్ జిల్లాలో. మా యువకుడు ఈ సంగతి వినగానే జేబులోని చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. పరీక్షలో పనికివస్తుందని కాబోలు.

ప్రక్కనున్న క్రికెట్ మైదానం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1999 ఫిబ్రవరిలో పాకిస్తాను మీద అనిల్ కుంబ్లే ఒకే ఇన్నింగ్సులో 10 వికెట్లూ తీసిన చోటు అది. 2019 సెప్టెంబరు 12న ఆ క్రీడాప్రాంగణానికి అరుణ్ జైట్లీ పేరు పెట్టారు. మైదానం మాత్రం ఫిరోజ్‌షా కోట్లాగానే ఉంటుందని నిర్వాహకులు ఆనాడు ప్రకటించారు. గడప మార్చి నట్టిల్లు ఉంచారన్నమాట. సెప్టెంబరు 12 ఫిరోజ్ గాంధీ పుట్టినరోజు కావడం కాకతాళీయమే అయి ఉంటుంది.

ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాదు సంగతి ఇంకా ముందుకు పోయింది. హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజుల ప్రక్కన మెరిసే గాజు గాజుల్లో చాలా భాగం ఆ ఊరి కొలుముల్లో కరిగి వచ్చినవే. ఆ ఊరికి పేరిచ్చిన ఫిరోజు ఈ తుగ్లక్ కాడు, అక్బరు కాలపు ఉద్యోగి ఒకడని అక్కడి వాడుక. 2021లో జిల్లా పంచాయతీ దానికి చంద్రనగర్ అని పేరు మార్చాలని తీర్మానించింది. సమీపంలోని చంద్వారు వద్ద 1194లో కన్నోజి జయచంద్రుడు ఘోరీ సేనల చేతిలో నేలకొరిగాడు. చంద్వారు స్మృతిని నిలపదలచుకోవడం న్యాయమే. కానీ కొలిమి ముందు పొగ పీల్చి దగ్గే గాజు కార్మికుడి సంగతి పట్టించుకోవడానికి పేరుమార్పు అవసరం లేదు, పట్టించుకోకపోవడానికి మాత్రం అది చక్కగా పనికివస్తుంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. పారశీక దేశం నుండి జొరాస్ట్రియన్లు గుజరాతు తీరానికి వచ్చినప్పుడు తమ అగ్నితోపాటు తమ పేర్లనూ తెచ్చుకున్నారు. జంషెడ్, రుస్తుం, సొహ్రాబ్, ఫిరోజ్. అవి మతం మారిన ఇరానీ ముస్లిములకు ఎంత సొంతమో, మారని పార్సీలకూ అంతే సొంతం. 1890లో కలకత్తా కాంగ్రెసుకు అధ్యక్షత వహించి, బొంబాయి నగరపాలక సంస్థను తీర్చిదిద్ది, 1913లో బొంబాయి క్రానికల్ పత్రికను స్థాపించిన ఫిరోజ్‌షా మెహతాను ఎవరైనా ముస్లిమని అన్నారా? మహాత్మాగాంధీ ఆయనను హిమాలయంతో పోల్చాడు.

ఫిరోజ్ గాంధీ 1912లో బొంబాయిలో పార్సీ దంపతులు జహంగీర్, రతీమాయిలకు జన్మించాడు. కుటుంబం భరూచి వారిది. తల్లి సోదరి ఉద్యోగరీత్యా స్థిరపడిన అలహాబాదులో పెరిగాడు. 1930లో చదువు వదలి స్వాతంత్ర్యోద్యమంలో దూకాడు. 1942లో ఇందిరను వివాహమాడాడు. 1960 సెప్టెంబరు 8న ఢిల్లీలో మరణించాడు. చితాభస్మంలో కొంత అలహాబాదు పార్సీ శ్మశానంలో ఉన్నది. ఇందులో రహస్యమేమీ లేదు. ఖాన్ అనే మాటకు ఇందులో చోటు లేదు. ఒకవేళ ఆయన ముస్లిమే అయి ఉంటే అది నేరం ఎలా అవుతుందో కూడా ఆ సందేశాల రచయితలు చెప్పరు.

నన్ను బాధించేది వేరొకటి. ఆయన పుట్టుకను గురించిన వదంతి లక్షల ఫోనుల్లో తిరుగుతున్నది. ఆయన చేసిన పని ఎన్ని ఫోనుల్లో ఉన్నది?

1955 డిసెంబరులో ఆయన లోక్‌సభలో లేచి, డాల్మియా సంస్థల చేతిలోని బీమా కంపెనీలో ప్రజల సొమ్ము ఎట్లా దారిమళ్ళిందో లెక్కలతో బయటపెట్టాడు. ఆ మరుసటి నెలలోనే జీవిత బీమా జాతీయమయింది. అప్పట్లో పార్లమెంటు విలేఖరికి ఒక చిక్కు ఉండేది. సభలో ఎంపీ ఏమి మాట్లాడినా రాజ్యాంగపు 105వ అధికరణం అతనిని కాపాడుతుంది. ఆ మాటలనే మరునాడు యథాతథంగా అచ్చువేసిన పత్రికను మాత్రం పరువునష్టం కింద కోర్టుకు ఈడ్చవచ్చు. అంటే ఓటరు పంపిన ప్రతినిధి మాట్లాడవచ్చు, ఓటరు మాత్రం వినకూడదు. ఫిరోజ్ గాంధీ ప్రైవేటు సభ్యుడిగా ఒక బిల్లు తెచ్చి, 1956లో దానిని చట్టం చేయించాడు. దురుద్దేశం లేకుండా సభాకార్యక్రమాలను వాస్తవంగా ప్రచురించే పత్రిక మీద వ్యాజ్యం చెల్లదని ఆ చట్టం చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుండి చట్టమైన ప్రైవేటు సభ్యుల బిల్లులు వేళ్ళ మీద లెక్కించదగినన్ని. వాటిలో ఇది మేటి.

ఆ చట్టం విలువ తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. 1957 డిసెంబరు 16న ఆయన మళ్ళీ లేచాడు. కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాలను జీవిత బీమా సంస్థ 1 కోటి 24 లక్షల రూపాయలకు పైగా పెట్టి ఎందుకు కొన్నదో చెప్పమన్నాడు. సభాపతి స్థానంలో మన తిరుచానూరు అనంతశయనం అయ్యంగారు ఉన్న కాలమది. ప్రశ్నించినవాడు పాలకపక్ష సభ్యుడు, ప్రధానమంత్రి అల్లుడు. చాగ్లా ఏకసభ్య సంఘం బహిరంగంగా విచారణ జరిపింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు.

చిత్రమేమిటంటే, ఆ 1957 డిసెంబరు 16నే కరాచీలో మరొక ఫిరోజు పాకిస్తాను ప్రధానమంత్రిగా ప్రమాణం చేశాడు. ఫిరోజ్ ఖాన్ నూన్. ఈయన అచ్చంగా ఖానే! 1958 సెప్టెంబరులో ఒమాన్ సుల్తాను నుండి గ్వాదరు రేవును యుద్ధం లేకుండా కొని తెచ్చాడు. అదే నెల ఢిల్లీకి వచ్చి, తూర్పు సరిహద్దులో ఒకరి నేలలో ఒకరికి చిక్కుకుపోయిన గ్రామఖండాలను ఇచ్చిపుచ్చుకోవడానికి నెహ్రూతో ఒప్పందం చేసుకున్నాడు. ఒక నెల తిరగకుండానే సైనిక పాలన వచ్చి ఆయన పదవి ఊడింది. బెరుబారి మీద మన సుప్రీంకోర్టు అభిప్రాయం, రాజ్యాంగ సవరణ, బంగ్లాదేశ్ అవతరణ అన్నీ అయి, 2015 జులై 31 అర్ధరాత్రి గాని ఆ ఖండాల మార్పిడి జరగలేదు. మన ఖండాలు 111, వారివి 51. నూన్ సంతకం చేసిన నాటికి అక్కడ పుట్టిన శిశువు, దాదాపు 57 ఏళ్ళ వయసులో ఒక దేశానికి పౌరుడయ్యాడు.

ఢిల్లీలోని ఫిరోజు చట్టానికి పట్టిన గతి ఇంకా విషాదకరం. 1975 డిసెంబరు 8న, ఎమర్జెన్సీ చీకటిలో, ఒక ఆర్డినెన్సుతో ఆ చట్టాన్ని రద్దుచేశారు. చేసినది ఆయన భార్య ప్రభుత్వం. ఆయన పోయి అప్పటికి 15 ఏళ్ళు. 1977 ఎన్నికల తర్వాత, ఏప్రిల్‌లోనే, జనతా ప్రభుత్వం దానిని పునరుద్ధరించింది. ఆనాడు సభాపతి స్థానంలో ఉన్నది నీలం సంజీవరెడ్డి. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెసు గెలుచుకోగా, నంద్యాల నుండి ఒంటరిగా నెగ్గివచ్చిన జనతా సభ్యుడు. ఇంకెవరూ ఆర్డినెన్సుతో తుడిచిపెట్టే వీలు లేకుండా 1978లో 44వ సవరణ ద్వారా ఆ రక్షణను 361-ఎ అధికరణంగా రాజ్యాంగంలోనే పొదిగారు. ఫిరోజ్ చట్టం పార్లమెంటుకే పరిమితం. ఈ అధికరణం శాసనసభలకూ వర్తిస్తుంది. హైదరాబాదులోను, అమరావతిలోను సభ్యుడు చేసిన ఆరోపణను మీరు మరునాడు ఇంట్లో కూర్చొని చదువగలుగుతున్నారంటే దాని వెనుక ఈ కథ ఉన్నది. నేను ఇన్నేళ్ళుగా పాత్రికేయుల గ్యాలరీలో కూర్చొని రాసిన ప్రతి వాక్యం ఆ గొడుగు కిందనే రాశాను.

మేము లేచే వేళకు పొద్దు వాలింది. గురువారం కావడంతో కోట్లా గుహల వంటి గదుల్లో దీపాలు, అగరువత్తులు, గులాబీ రేకులు. ఇక్కడ జిన్నులు నివసిస్తాయని జనం నమ్మకం. తమ కష్టాలు కాగితం మీద రాసి గోడలకు అంటిస్తారు. ఎమర్జెన్సీ ముగిసిన కాలం నుండే ఈ ఆచారానికి సాక్ష్యాలు కనిపిస్తున్నాయని ఒక పరిశోధకుడు రాశాడు. అర్జీలు అచ్చం సర్కారుకు పెట్టుకున్నట్టే ఉంటాయి. పేరు, చిరునామా, ఫొటో, కింద సంతకం. ఒకే అర్జీ నకళ్ళు తీయించి అయిదారు గదుల్లో పెట్టినవారున్నారు, ఏ శాఖవారు కరుణిస్తారోనని. బొట్టు పెట్టుకున్న ఇల్లాలు ఒకామె, బురఖా ధరించిన వృద్ధురాలు ఒకామె ఒకే దీపంతో వత్తులు వెలిగించుకుంటున్నారు. ఆ కాగితాలు చదవడం మర్యాద కాదు గనుక మేము చదవలేదు.

ఇరానులో 2022లో ఒక అరుదైన చీతా కూనకు కూడా పీరూజ్ అని పేరు పెట్టారు. ఆసియా చీతాలు అప్పటికే అతి కొద్ది మాత్రమే మిగిలి ఉన్నాయి. ఆ సంవత్సరపు నిరసనల్లో యువతీయువకులు పాడుకున్న పాటలో ఆ కూన ప్రస్తావన కూడా చేరింది. 2023 ఫిబ్రవరిలో, ఏడాదైనా నిండకుండా, మూత్రపిండాల జబ్బుతో అది చనిపోయింది. బయటికి వస్తూ ఈ సంగతి చెబితే మా యువకుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పార్లమెంటు గ్రంథాలయం వారు పాత చర్చలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి ఉంచారు. మరునాడు 1957 డిసెంబరు 16 నాటి లోక్‌సభ పుటలు వెతికి తీసి అతనికి పంపాను. రాత్రి ఫోను చేశాడు. మొత్తం చదివాడట. పరీక్షకు అక్కరలేని భాగం కూడా చదివాడట. ఆ పుటలను, తనకు మొదటి సందేశం వచ్చిన బృందంలోనే పెట్టాడట.

"ఏమన్నారు?" అని అడిగాను.

"ఇంకా ఎవరూ తెరవలేదు సార్" అన్నాడు.